కామెర్లు మూత్రపిండాలను తాకినప్పుడు: బేగంపేట నుండి మొదలయ్యే ఒక చరిత్ర

బేగంపేట పాత విమానాశ్రయం పక్కగా మీలో చాలామంది ప్రయాణించే ఉంటారు. అక్కడ చెట్ల మధ్య ఒక పాతకాలపు భవనం ఉంది. నేడు అది ఉస్మానియా విశ్వవిద్యాలయపు అధీనంలో సర్ రొనాల్డ్ రాస్ పేరిట ఉన్న సంస్థ. ఒకప్పుడు అది సికింద్రాబాదు కంటోన్మెంటులోని 19వ మద్రాసు పదాతిదళానికి చెందిన ఆసుపత్రి. ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూసినది ఇక్కడే. హుసేన్ ఖాన్ అనే రోగి దోమతెరలో పడుకుని దోమలచేత కుట్టించుకున్నాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి కూలి ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అణాల లెక్క మాత్రం చరిత్రలో ఒక మూల మిగిలిపోయింది.

ఈ కథ మీకు తెలిసినదే. నేను చెప్పదలచినది దాని పక్కనే నడచిన మరొక కథ. రాస్ దృష్టి క్రిమి మీద, దోమ మీద ఉంది. ఆ క్రిమి మనిషి కాలేయాన్నీ, ఆపైన మూత్రపిండాలనూ ఏం చేస్తుందన్నది ఆయన ప్రశ్న కాదు. బేగంపేట ప్రయోగానికి సరిగ్గా రెండేళ్ళ తర్వాత, 1899లో, జర్మనీలో హైన్రిష్ క్వింకె అనే వైద్యుడు కామెర్లతో మరణించినవారి శరీరాలను పరిశీలిస్తూ వారి మూత్రపిండాలు పచ్చగా, ఆకుపచ్చగా రంగెక్కి ఉండడాన్ని వర్ణించాడు. నడుములో సూది గుచ్చి వెన్ను నీరు తీసే పద్ధతిని వైద్యలోకానికి ఇచ్చినవాడు కూడా ఈ క్వింకెయే. కాలేయం చెడితే మూత్రపిండం ఎందుకు రంగు మారాలి? రంగు మారినంత మాత్రాన అది దెబ్బతిన్నట్టేనా? ఈ రెండు ప్రశ్నలకు వైద్యశాస్త్రం సమాధానం వెతకడానికి వంద సంవత్సరాలకు పైగా పట్టింది. రెండవదానిపై వాదం ఇప్పటికీ పూర్తిగా ముగియలేదు.

మన ప్రాచీనులకు ఈ సంబంధం బొత్తిగా తెలియదనుకోవడం సరికాదు. చరకసంహిత చికిత్సాస్థానంలో పాండురోగ ప్రకరణంలోనే కామల వ్యాధి వర్ణన ఉంది. మలం నువ్వుల పిండి రంగులోకి మారే కామలను అందులో వేరుగా గుర్తించారు. నేడు మేము పిత్తనాళం మూసుకుపోయిన కామెర్లు అని చెప్పేదానికి అది అచ్చమైన గుర్తు. పిత్తం పేగులోకి దిగకపోతే మలానికి రంగు రాదు. అంతేకాదు, మలమూత్రాలు నలుపు పసుపు కలిసిన రంగుకు తిరిగి, ఒళ్ళంతా విపరీతంగా వాచిన కామెర్ల రోగి స్థితి ప్రమాదకరమని కూడా ఆ గ్రంథం చెప్పింది. వాపు అంతా మూత్రపిండాల వల్లనేనని నేను వాదించను. కాలేయ వ్యాధిలోనూ వాపు వస్తుంది. కాని మంచం పక్కన కూర్చుని మూత్రం రంగును గమనించిన వైద్యుడి చూపు అందులో ఉంది. ఆ చూపు నేటి యువ వైద్యులలో తగ్గుతున్నదని నా ఫిర్యాదు.

ఇప్పుడు శరీరంలో జరిగేదేమిటో కొంచెం చూద్దాం. మన ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. చనిపోయిన కణంలోని హీమోగ్లోబిన్ విరిగి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. ఆరోగ్యవంతుడిలో కూడా రోజుకు 250 నుండి 350 మిల్లీగ్రాముల వరకు ఇది పుడుతుంది. పుట్టినప్పుడు అది నీటిలో కరగదు. రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తిని పట్టుకుని తిరుగుతుంది. అందుచేత మూత్రంలోకి జారదు. కాలేయం దానిని నీటిలో కరిగేట్టు మార్చి పిత్తరసంతో పేగులోకి పంపుతుంది. కాలేయకణాలు వాచిపోయినా, పిత్తనాళానికి రాయో గడ్డో అడ్డుపడినా, ఆ మారిన బిలిరుబిన్ రక్తంలోకి వెనుదిరుగుతుంది. కరిగే గుణం వచ్చింది కనుక ఇప్పుడది మూత్రంలోకి దిగగలదు. కామెర్లలో మూత్రం పసుపు రంగులో రావడమంటే, కాలేయం చేయలేని పనిని మూత్రపిండం తన నెత్తిన వేసుకోవడమన్నమాట.

బిలిరుబిన్ ఒంటరిగా వెనక్కు రాదు. పిత్తరసంలో పిత్తామ్లాలు ఉంటాయి. మనం తిన్న కొవ్వును పేగులో చిలికి కరిగించేవి ఇవే. సబ్బు నూనె జిడ్డును విడదీసినట్టు ఇవి కొవ్వును విడదీస్తాయి. అదే గుణంతో రక్తంలో పోగుపడినప్పుడు జీవకణాల పొరలను కూడా విడదీయగలవు. కామెర్ల రోగి రాత్రంతా గోక్కుంటూ నిద్రపోలేకపోవడంలోనూ వీటి పాత్ర ఉందని భావిస్తారు. వడపోత గుండా మూత్రనాళికలలోకి దిగిన పిత్తామ్లాలు ఆ నాళికల లోపలి కణాలను గాయపరుస్తాయి. రాలిన కణాలు, మాంసకృత్తులు, బిలిరుబిన్ కలిసి గట్టిపడి, నాళిక ఆకారంలోనే అచ్చులుగా బిగుసుకుంటాయి. వంటింటి తూములో జిడ్డు పేరుకుని నీరు నిలిచిపోయినట్టే ఇది. రక్తంలో బిలిరుబిన్ సాధారణంగా 1 మిల్లీగ్రాము చుట్టుపక్కల ఉంటుంది. పిత్తపు అచ్చులు కనిపించే రోగులలో చాలామందికి అది 20 దాటి ఉంటుంది. ఒకమాట: పసిబిడ్డలకు పుట్టిన వారంలో వచ్చే సాధారణ పసుపు ఇందులో చేరదు. అది కరగని రకం బిలిరుబిన్. మితిమీరితే దాని భయం మెదడుకే.

క్వింకె తర్వాత ఈ విషయాన్ని ముందుగా పట్టించుకున్నవారు శస్త్రవైద్యులు. పిత్తాశయపు రాళ్ళకు ఆపరేషను చక్కగా జరిగేది. రెండు మూడు రోజులకు మూత్రం ఆగిపోయి రోగి మరణించేవాడు. ఆస్ట్రియాకు చెందిన క్లేర్‌మాంట్, హాబెరర్ 1911లో ఇటువంటి మరణాలను గురించి రాశారు. 1922లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో హేస్లర్, రౌస్, బ్రౌన్ అనే ముగ్గురు, బిలిరుబిన్ మూత్రపిండం గుండా ఎలా బయటపడుతుందో జంతువులలో పరిశీలించి ప్రచురించారు. ఆ రౌస్‌కే కోళ్ళ కణితి వైరస్‌ను కనిపెట్టినందుకు 1966లో, తన 87వ ఏట, నోబెల్ బహుమతి వచ్చింది. 1960లలో లండన్‌లో డాసన్ అనే సర్జను, కామెర్ల రోగులకు ఆపరేషను తర్వాత మూత్రపిండాలు చెడే ప్రమాదం ఎంతో ఎక్కువని చూపి, ముందుగానే మూత్రం ధారాళంగా వచ్చేట్టు చూడాలని వాదించాడు. నేను వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు సర్జరీ వార్డులలో కామెర్ల రోగికి ఆపరేషను ముందురోజు నుండి సెలైన్ ఎక్కించి మూత్రపు గొట్టం వేసి గంటగంటకూ కొలిచే అలవాటు ఆ బోధల ఫలమే. ఎందుకు కొలుస్తున్నామో మాలో సగం మందికి తెలియదు. కొలవకపోతే చీవాట్లు పడతాయని మాత్రం అందరికీ తెలుసు.

ఇక్కడ హైదరాబాదుకు ఒక చిన్న చుట్టరికం ఉంది. 1888, 1889 సంవత్సరాలలో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో, రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో, క్లోరోఫాం గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అని తేల్చడానికి ఇక్కడ ప్రయోగాలు జరిగాయి. శ్వాసను గమనిస్తే చాలు, క్లోరోఫాం భద్రమైనదే అని తేల్చారు. అవన్నీ మత్తు ఇచ్చిన ఆ నిమిషాల లెక్కలు. అదే క్లోరోఫాం కొందరిలో కాలేయాన్ని చంపి, ఒకటి రెండు రోజుల తర్వాత కామెర్లు తెప్పిస్తుందన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు. అసలే కామెర్లున్న రోగికి ఆపైన క్లోరోఫాం ఇస్తే కాలేయంపై, దాని వెంట మూత్రపిండాలపై ఎంత భారం పడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మళ్ళీ మలేరియాకు వద్దాం. మన దేశంలో మలేరియా నిర్మూలన కార్యక్రమం 1958లో ఆరంభమైంది. అరవైల నాటికి జ్వరం దాదాపు మాయమైందనుకున్నాం. 1976లో 64 లక్షల కేసులతో అది తిరిగివచ్చింది. నా తరం వైద్యులు ఉద్యోగంలో చేరినది ఆ రోజులలోనే. ఫాల్సిపారం అనే ప్రాణాంతకమైన రకంలో మూడు దారుల నుండి ఒకేసారి దెబ్బ పడుతుంది. క్రిమి సోకిన కణాలు మూత్రపిండపు సన్నని రక్తనాళాలలో అంటుకుని ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. కణాలు పగిలి హీమోగ్లోబిన్, బిలిరుబిన్ పొంగుతాయి. జ్వరం, వాంతులతో ఒంట్లో నీరు ఇంకిపోతుంది. కాలేయం కూడా దెబ్బతింటే కరిగే బిలిరుబిన్ పెరిగి నాళికలలో పిత్తపు అచ్చులు చేరతాయి. థాయిలాండ్ వైద్యుడు విసిత్ సిత్ప్రీజ వంటివారు ఫాల్సిపారం మలేరియాలో మూత్రపిండాల స్థితిని దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్ర మలేరియా లక్షణాలలో కామెర్లనూ, మూత్రపిండ వైఫల్యాన్నీ రెండింటినీ చేర్చింది.

నల్లమూత్రపు జ్వరం అని మరొకటి ఉంది. బ్లాక్‌వాటర్ ఫీవర్ అనేవారు. అడవి ప్రాంతాలలో పదేపదే మలేరియా వచ్చి, క్వినైన్ అరకొరగా వాడినవారిలో హఠాత్తుగా రక్తకణాలు పగిలి మూత్రం కాఫీ డికాషన్ రంగులోకి మారేది. అది పిత్తపు రంగు కాదు, హీమోగ్లోబిన్ రంగు. మీరు ఇంట్లోనే గుర్తుపట్టగల తేడా ఒకటి చెబుతాను. కామెర్ల మూత్రం ఆవనూనె రంగులో ఉంటుంది, సీసాలో పోసి కుదిపితే నురగ కూడా పసుపుగా ఉంటుంది. హీమోగ్లోబిన్ మూత్రం ఎరుపు నలుపు కలిసినట్టుంటుంది. ఈ పరీక్ష రోగనిర్ణయానికి చాలదు. ఆసుపత్రికి ఎంత తొందరగా పరుగెత్తాలో చెప్పడానికి చాలు.

ప్రభుత్వ ఆసుపత్రులలో నేను పనిచేసిన రోజులలో, వానలు తగ్గే కార్తీక మాసం దగ్గరపడుతుంటే ఇటువంటి రోగులు వరుసగా వచ్చేవారు. ఒక రైతు నాకు బాగా గుర్తు. పది రోజుల జ్వరం, ఆపైన కామెర్లు. కళ్ళలో పసరు పోయించారు, ముంజేతి మీద వాత పెట్టించారు, ఉప్పు లేని పథ్యం పెట్టి నీళ్ళు కూడా తగ్గించారు. మా దగ్గరకు వచ్చేసరికి రెండు రోజులుగా గ్లాసుడు మూత్రం కూడా రాలేదు. కట్టినవాళ్ళంతా అతని మీద ప్రేమతోనే పథ్యం కట్టారు. ఆ నీళ్ళ పథ్యమే మూత్రపిండాలకు చివరి దెబ్బ అయింది. అప్పట్లో మా జిల్లా ఆసుపత్రిలో రక్తశుద్ధి యంత్రం లేదు. కడుపులోకి గొట్టం వేసి ద్రవం నింపి తీసే పద్ధతిలో నాలుగు రోజులు లాగాము. ఐదవ రోజున అతను దక్కలేదు. ఆ ఇంటివారి నుండి నేనేమీ దాచలేదు, ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదో వారు అడిగినప్పుడు చెప్పాను. మరుసటి ఏడాది అదే ఊరి నుండి ఇద్దరు, మూడవ రోజు జ్వరానికే వచ్చారు.

సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రి ఒకనాటి కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రి. గాంధీ వైద్య కళాశాల 1954లో వెలసింది. రైల్వే స్టేషను సమీపంలోని పాత ఆవరణ నుండి ముషీరాబాదుకు మారకముందు దానిని చూసినవారికి, రైలు దిగి నేరుగా క్యాజువాలిటీకి నడిచి వచ్చే పల్లె రోగులు గుర్తుండే ఉంటారు. జంటనగరాలకు కామెర్లు కొత్త కాదు. 2005లో హైదరాబాదు పాతబస్తీలో తాగునీటి గొట్టాలలో మురుగు కలిసి హెపటైటిస్ ఇ వ్యాపించింది. 1,600కు పైగా జనం పచ్చబడ్డారు. ఈ వైరస్ కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. కాని జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో లోపించినవారికి ఇదే జబ్బు వస్తే రక్తకణాలు పెద్ద ఎత్తున పగిలి, బిలిరుబిన్ 30, 40 దాటి, మూత్రపిండాలు నిలిచిపోతాయి. మామూలు కామెర్లకు డయాలిసిస్ ఏమిటని బంధువులు ఆశ్చర్యపోయే సందర్భాలలో ఇదొకటి.

ఇక అసలు వివాదం. లివరు చెడినవారిలో మూత్రం తగ్గడాన్ని జర్మనీలో ఫ్రెరిక్స్ 1861లో, అమెరికాలో ఆస్టిన్ ఫ్లింట్ 1863లో గమనించారు. మరణించినవారి మూత్రపిండాలను కోసి చూస్తే పెద్ద లోపం కనిపించలేదు. దానిని తర్వాత హెపటోరీనల్ సిండ్రోమ్ అన్నారు. రక్తప్రసరణ తగ్గడం వల్ల మూత్రపిండం పనిచేయడం మానిందే తప్ప దానికి గాయం లేదన్నది సిద్ధాంతం. 1969లో కాపెల్ బృందం ఇటువంటి రోగుల మూత్రపిండాలను వేరేవారికి అమర్చితే అవి చక్కగా పనిచేశాయని చూపడంతో ఆ సిద్ధాంతానికి తిరుగు లేకపోయింది. మేము చదివినదీ, చదివించినదీ అదే.

2013లో షికాగో పరిశోధకులు ఆ ధీమాను కదిలించారు. కామెర్లున్న 44 మంది మూత్రపిండాల ముక్కలను పరిశీలిస్తే 24 మందిలో పిత్తపు అచ్చులు కనిపించాయి. హెపటోరీనల్ సిండ్రోమ్ అని ముద్రపడిన 13 మందిలో 11 మందికి అవి ఉన్నాయి. అంటే గాయం లేదన్న చోట గాయం ఉంది. వెతికేవారు తగ్గిపోయారు, అంతే. వెతికే సాధనం చవకైనదే. ఫూషే ద్రావకం అనే పాత రసాయనం బిలిరుబిన్‌ను బిలివర్డిన్‌గా మార్చుతుంది. దానితో చేసే హాల్ వర్ణపరీక్షలో అచ్చులు ఆకుపచ్చగా మెరుస్తాయి. సుమారు అదే కాలంలో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో ఫికర్ట్ బృందం ఎలుకల పిత్తనాళాన్ని కట్టివేసి, పిత్తామ్లాలు ముందుగా మూత్రాన్ని సేకరించే చివరి నాళికలను గాయపరుస్తాయని చూపింది. ఢిల్లీలోని కాలేయ వైద్య సంస్థ నుండి కూడా మరణానంతర పరిశీలనలు వెలువడ్డాయి. అచ్చులు జబ్బుకు కారణమా, ముందే నీరసించిన మూత్రపిండంలో మూత్రం నిలిచినందువల్ల ఏర్పడిన పర్యవసానమా అని అడిగేవారున్నారు. రెండూ నిజమేనని నా అభిప్రాయం. రక్తప్రసరణ తగ్గితే మూత్రం మందగిస్తుంది, మందగించిన చోట అచ్చు బిగుస్తుంది, బిగిసిన అచ్చు మిగిలిన ప్రవాహాన్నీ ఆపుతుంది.

మూత్రపిండంపై పిత్తపు విషప్రభావాన్ని తేటగా చూపే మరొక నిదర్శనం చేప. చేపను శుభ్రం చేసే ఏ తెలుగు ఇల్లాలైనా చేదుకట్టు పగలకుండా తీసి పారవేస్తుంది. చక్కెర వ్యాధికో, కీళ్ళనొప్పులకో మంచిదని విని దానిని పచ్చిగా మింగేవారు తూర్పు ఆసియాలోనూ, మన దేశంలోనూ ఉన్నారు. రోహు, కట్ల, గడ్డిచేప వంటి కార్ప్ జాతుల పిత్తంలో సైప్రినాల్ సల్ఫేట్ అనే విషపదార్థం ఉంది. మింగిన కొన్ని గంటలలో వాంతులు, విరేచనాలు, రెండు మూడు రోజులలో కామెర్లు, మూత్రం బందు. వేడి చేస్తే పోతుందన్న భరోసా కూడా లేదు. చేదుగా ఉన్నదంతా మధుమేహానికి మందని ఎవరు చెప్పారో గాని, ఆ మాట డయాలిసిస్ గదులను నింపింది. వ్యాయామశాలలకు వెళ్ళే యువకులకు మరో మాట. కండలు పెరగడానికి తీసుకునే అనబాలిక్ స్టిరాయిడ్ల వల్ల వారాల తరబడి కామెర్లు వచ్చి, పిత్తపు అచ్చులతో మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలు 2014 నుండి వైద్యపత్రికలలో కనిపిస్తున్నాయి.

మీ ఇంట్లో ఎవరికైనా కామెర్లు వస్తే బిలిరుబిన్ అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి. అదే రక్తంతో క్రియాటినిన్ కూడా చేయించండి. బిలిరుబిన్ చాలా ఎక్కువగా ఉన్నప్పుడు పాత జాఫే పద్ధతిలో చేసే క్రియాటినిన్ పరీక్ష అసలుకన్నా తక్కువ చూపవచ్చు, కనుక అంకె బాగుందని మూత్రం తగ్గడాన్ని పట్టించుకోకపోవడం తగదు. రోజుకు 400 మిల్లీలీటర్లకన్నా తక్కువ వస్తే అది అత్యవసరం. ఒక పాత నీళ్ళ సీసా మీద గీత గీసుకుంటే ఈ కొలత ఎవరైనా చూడగలరు. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు సొంతంగా వేయకండి. జెంటామైసిన్, అమికాసిన్ సూదులు ఆర్.ఎం.పి. దగ్గర వేయించకండి. డాక్టరు వద్దన్న సందర్భంలో తప్ప నీళ్ళు మాన్పించకండి. నేలఉసిరి కషాయం తాగాలనుకుంటే తాగండి, దానితో నాకు పేచీ లేదు. అది తాగుతూ పరీక్షలు వాయిదా వేయడంతోనే పేచీ.

చికిత్సలో ముఖ్యమైనది కామెర్లకు మూలాన్ని తొలగించడం. రాయి అడ్డుపడితే ఎండోస్కోపీతో తీయాలి, మలేరియా అయితే ఆర్టెసునేట్ సూది, మద్యమైతే మద్యం మాన్పడం. పిత్తామ్లాలను మృదువుగా మార్చే అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లపు మాత్రలు ఇస్తారు. ప్లాస్మా మార్పిడి, ఆల్బుమిన్‌తో చేసే రక్తశుద్ధి కొన్ని పెద్ద ఆసుపత్రులలో ఉన్నాయి, వాటి ఖర్చు ఎక్కువ, నిరూపణ తక్కువ. సాధారణ డయాలిసిస్ యూరియానూ, నీటినీ తీస్తుంది గాని ఆల్బుమిన్‌ను పట్టుకున్న బిలిరుబిన్‌ను పెద్దగా తీయలేదు. అది మూత్రపిండానికి గడువు ఇస్తుంది. కాలేయం కోలుకుని బిలిరుబిన్ దిగడం మొదలైన తర్వాత అచ్చులు కొద్దికొద్దిగా మూత్రంతో కొట్టుకుపోతాయి. కొందరికి ఇది రెండు వారాల పని, కొందరికి మూడు నెలలు. అన్నాళ్ళూ వారానికి రెండుమూడుసార్లు యంత్రం మీద ఉన్నవాడు ఒకరోజు సీసాలో గీత దాటి మూత్రం పోస్తాడు, ఇంకా పసుపుగానే.